చేతికంటిన రంగు

చిన్నాయన గోళ్ల సందుల్లో నలుపు ఎన్నడూ పోయేది కాదు. కొడకండ్లలో మా ఇంటి వెనక గంగాళం సలసల కాగుతుంటే నూలు లడిని కర్రకు వేసి ముంచి, తిప్పి, పైకి తీసి, పొగలు కక్కుతుండగానే ఉత్త చేతులతో పిండేవాడు. రంగు అంతటా సమంగా పట్టిందో లేదో వేళ్లకే తెలుస్తుందనేవాడు. సాయంత్రం బ్లీచింగ్ పౌడర్‌తో మోచేతుల దాకా రుద్దుకునేవాడు. తోలు లేచిపోయేది, రంగు మిగిలేది. మా వాడకట్టులో అది పనోడి గుర్తు.

పొట్లం మీద రంగు పేరే తప్ప లోపలేముందో రాసి ఉండేది కాదు. అలాంటి రంగుల్లో ఒకటైన కాంగో రెడ్ 1880లలో పుట్టింది. పటిక అక్కర్లేదు, కరక్కాయ అక్కర్లేదు, నూలును నేరుగా పట్టుకుంటుంది. అద్దకం చేసేవాళ్లకు అంతకన్నా ఏం కావాలి? కానీ దాన్ని తయారుచేసేది బెంజిడిన్‌తో. ఈ జాతి రంగు ఒంట్లోకి పోతే పేగుల్లోని సూక్ష్మజీవులు దాన్ని విడగొట్టి మళ్లీ బెంజిడిన్‌ను బయటికి తీస్తాయి. అది మూత్రంతో పోతూ పోతూ మూత్రాశయం గోడను పాడుచేస్తుంది. రంగుల ఫ్యాక్టరీ కార్మికులకు మూత్రాశయ క్యాన్సర్ వస్తోందని ఫ్రాంక్‌ఫర్ట్ సర్జన్ లుడ్విగ్ రేన్ 1895లోనే చెప్పాడు. మన దేశం బెంజిడిన్ రంగులు సహా 112 రంగులను నిషేధించింది 1990లలో. వందేళ్లు! ఇది తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు రగులుతుంది.

నిషేధంతో అయిపోలేదు. ఈ జబ్బు ఇరవై, ముప్పై ఏళ్లు ఆగి కూడా బయటపడుతుంది. మొదటి గుర్తు నొప్పి లేకుండా మూత్రంలో రక్తం. ఒకసారి కనిపించి, దానంతటదే ఆగిపోతుంది. వేడి చేసిందనుకుంటాం. చిన్నాయన కూడా అదే అన్నాడు: "వేడి రా, మజ్జిగ తాగితే పోతది."

ఇప్పుడు రంగు పనిలో ఉన్నవాళ్లు పొట్లం విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, రబ్బరు తొడుగులు లేకుండా లడి పిండకండి. బీడీ ఈ ముప్పును ఇంకా పెంచుతుంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి దవాఖానల్లో డాక్టర్లకు నాదొక్కటే మనవి: చీటీ మీద వయసు పక్కన, ఇన్నేళ్లూ ఏం పని చేశారో కూడా రాయండి. బతుకుదెరువుకు సూరత్, భివండి బట్టల మిల్లులకు పోయి వచ్చినవాళ్లను అక్కడేం చేశారో అడగండి.

చిన్నాయనను తీసుకుపోయిన చోట షుగరుందా అన్నారు, బీడీ తాగుతావా అన్నారు. పని సంగతి నేనే చెప్పాను. డాక్టరు ఆయన చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. గోళ్లు తెల్లగా ఉన్నాయి. గంగాళం దించి అప్పటికి ఇరవై ఏళ్లు.