వేడి రొట్టె ఎవరిది?

జొన్నపిండిని ముందే కలిపి మూతపెడదామంటే కుదరదు. గోధుమపిండిలా సాగే గుణం దానికి లేదు. మసిలే నీళ్లు పోసి, ఒక్క రొట్టెకు సరిపడా ముద్ద తీసుకొని, అరచేతి మొదలుతో రుద్ది రుద్ది పిసకాలి. చరిచి పెనం మీద వేయగానే పైన తడిచేత్తో నీళ్లు పూయాలి. కాస్త ఏమరితే అంచులు పగులుతాయి. చంకలో పిల్ల ఏడ్చినా పొయ్యి ముందు నుంచి లేవడానికి లేదు. అందరి పళ్లేల్లో వేడి రొట్టె పడ్డాక, చివరి చల్లారిన రొట్టె తల్లిది.

కోహీర్‌లో ఈ పని నాకు నేర్పిన మా అత్తమ్మ మాత్రం బాలింత ఉన్న ఇంట్లో ఈ లెక్క మార్చేసింది. “పాలు పడాలంటే ముందు నువ్వు తినాలె బిడ్డా, మగోళ్లు ఆగుతరు” అనేది. ఆగారు, కొంచెం గొణిగారు గానీ.

తల్లి ఓర్పును పొగడటానికి పైసా ఖర్చు కాదు. అరగంట పిల్లను ఎత్తుకోవడమే మనకు బరువు.

పిల్లను చూసుకునే ఈ బరువు సంగతి మా జహీరాబాద్ ప్రాంతపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లకు బాగా తెలుసు. 1983లో మొదలైన ఆ సొసైటీ అనగానే అందరూ పచ్చజొన్న, కొర్ర, సామల గురించీ, 2008లో మాచనూర్‌లో మొదలైన సంఘం రేడియో గురించీ, 2019లో వచ్చిన ఈక్వేటర్ బహుమతి గురించీ చెబుతారు. ఊళ్లలో వాళ్లు నడిపిన బాల్వాడీల మాట ఎవరూ ఎత్తరు. నన్నడిగితే అసలు గొప్ప అదే. పిల్ల ఒకచోట తిని పడుకుంటేనే కదా తల్లి చేనుకు పోయి, పంటతోపాటు గునుగు, తుమ్మి కూర కూడా కోసుకొచ్చేది!

2015లో వచ్చిన ఆరోగ్యలక్ష్మి పథకంలోనూ నాకు నచ్చిందొకటుంది. గర్భిణులకూ బాలింతలకూ అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అంగన్‌వాడీలోనే వడ్డిస్తారు. ఇంటికే ఇవ్వొచ్చు కదా అని గొణిగేవాళ్లున్నారు. ఎండలో పసిపిల్లనెత్తుకొని నడిచే తల్లి అలా అంటే తప్పులేదు. కానీ ఇంటికి చేరిన గుడ్డు ఎవరి నోట్లోకి పోతుందో మనకు తెలియదా? సెంటర్లో కూర్చున్నా కొందరు సగం తుంచి పెద్దపిల్ల నోట్లో పెట్టబోతారు. అప్పుడు ఆయమ్మ గరిటెతో సహా వస్తుంది: “నీ గుడ్డు నువ్వు తిను. పోరిది పోరికున్నది!”