ఆరో సెక్షను పనితనం

మైలాపూరులో మొదటి ఫ్లాటు కొనేవాడి ముందు గృహరుణం కాగితాలతో పాటు బ్యాంకువాళ్ళు ఇంకో ఫారం కూడా పెడతారు. అప్పుకు బీమా అంటారు, ప్రీమియం కూడా లోనులోనే కలిపేస్తామంటారు. ఏ చట్టమూ దాన్ని తప్పనిసరి చెయ్యలేదు. అయినా సంతకాల హడావిడిలో అదీ అయిపోతుంది.

నేను ఆ ఫారాన్ని తీసిపారెయ్యను. అందులో ముచ్చటైన లెక్క ఉంది. అరవై లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ, ఇరవయ్యేళ్ళ గడువు అనుకోండి. నెలకు 52 వేల చిల్లర వాయిదా. పదేళ్ళు క్రమం తప్పకుండా కట్టాక కూడా ఇంకా 42 లక్షలు బాకీ ఉంటుంది. మొదట్లో కట్టేదాంట్లో ఎక్కువ భాగం వడ్డీకే పోతుంది మరి. తగ్గే కవరు అనే ఈ పాలసీ సరిగ్గా ఆ బాకీ వెంటే దిగుతూ వస్తుంది. లేని అప్పుకు బీమా కట్టక్కర్లేదు కనక చవక. అయితే ఆ పట్టిక మొదటిరోజు వడ్డీతో వేసింది. వడ్డీ పెరిగి గడువు సాగితే బాకీ పైన, కవరు కింద ఉండిపోతాయి. పైగా ఆ డబ్బు ముందు చేరేది బ్యాంకుకే. ఇల్లు మిగులుతుంది, సరే. ఇంట్లో పొయ్యి వెలగడానికి?

ఇక్కడే నేను మెచ్చుకునే పనితనం కనిపిస్తుంది. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టంలో ఆరో సెక్షను. పెళ్ళైన మగవాడు తన ప్రాణం మీద పాలసీ తీసుకుని, ఇది నా భార్యకోసం, లేదా భార్యాబిడ్డలకోసం అని పాలసీ మీదే రాయిస్తే చాలు, అది ట్రస్టు అయిపోతుంది. విడిగా దస్తావేజు అక్కర్లేదు, రిజిస్ట్రారు దగ్గరికి పోనక్కర్లేదు. ఆ క్షణం నుంచి ఆ డబ్బు మీద మొగుడికి అజమాయిషీ లేదు, అతని అప్పులవాళ్ళకు హక్కు లేదు, అతని ఆస్తిలో అది భాగమూ కాదు. మూడు తలుపులూ ఒక్క వాక్యంలో మూసేశారు. ధర్మకర్తను పెట్టడం మరిచిపోతే ఏం కావాలో కూడా చెప్పారు: ప్రభుత్వ అఫిషియల్ ట్రస్టీ తీసుకుంటాడు. ఇక అప్పులవాళ్ళను ముంచడానికే ఎవడైనా పాలసీ తీస్తే? వాళ్ళ హక్కు వాళ్ళకు ఉంచారు. ఇంత కొద్ది మాటల్లో ఇంత ముందుచూపు నేటి చట్టాల్లో వెతికినా దొరకడం కష్టం.

మన వాళ్ళకు ఇది దక్కిన కథ మద్రాసుదే. ఈ చట్టం హిందూ వివాహితలకు వర్తించదని రెండో సెక్షను చెబుతోంది. ఆరో సెక్షనేమో ఎవరైనా పెళ్ళైన మగవాడు అంటోంది. ఆ సందులోంచి పుట్టిన వ్యాజ్యం బాలాంబ, కృష్ణయ్యలది. మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఆరో సెక్షను హిందువులకూ చెల్లుతుందని తేల్చింది. బొంబాయి హైకోర్టుది వేరే మాట. చివరికి 1923లో చట్టాన్నే సవరించారు. హిందువులు, ముస్లిములు, సిక్కులు, జైనులు తీసుకునే పాలసీలకు ఇతర ప్రాంతాల్లో 1923 ఏప్రిల్ 1 తర్వాత, మద్రాసులో మాత్రం 1913 డిసెంబరు 31 తర్వాత ఇది వర్తిస్తుందని రాశారు. దేశం కంటే తొమ్మిదేళ్ళు ముందు మద్రాసు! మైలాపూరు లజ్ వీధుల్లో వకీళ్ళ బంగళాలు నిండి ఉన్న కాలమది. ఆ తేదీ నేటికీ చట్టంలో అలాగే ఉంది.

లోపం లేదనను. ఆ వాక్యం పెళ్ళైన మగవాడితోనే మొదలవుతుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి అప్పు చేసే ఈ రోజుల్లో భార్య తన పాలసీని ఇలా కట్టుకోవడానికి ఆరో సెక్షను దారి ఇవ్వదు. సవరించాల్సిన చోటు అదే.

కాబట్టి నా సలహా: బ్యాంకు బాకీకి చిన్న తగ్గే కవరు, ఇంటివాళ్ళకు ఆరో సెక్షను కింద వేరే టర్మ్ పాలసీ. రెండోది బ్యాంకుకు బదలాయించడానికి వీలుండదు, వీలుండకూడదనే అది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ లేదు, బ్యాంకు ఇప్పించే గ్రూపు పాలసీకి ఆ మినహాయింపు రాలేదు.

పాలసీకి అదనంగా తగిలించే రైడర్లలో నా ఓటు శాశ్వత అంగవైకల్యానికి, ప్రీమియం మాఫీకి. చనిపోయిన మనిషి బాకీ బీమా తీరుస్తుంది. మంచాన పడ్డ మనిషికి వాయిదా ఆగదు. ప్రమాద మరణం రైడరు చవకని ఎగబడతారు గానీ మనిషి ఎలా పోయినా బాకీ అంతే కదా! తీవ్ర వ్యాధుల రైడరు మంచిదే, కాకపోతే జాబితాలో ఉన్న జబ్బు, చెప్పిన తీవ్రతలో వస్తేనే డబ్బు. ఆరో సెక్షను పాలసీకి దాన్ని తగిలిస్తే ఆ సొమ్ము ఎవరి చేతికి వస్తుందో ముందే అడగండి.

ఆరో సెక్షను రక్షణకు వేరే అనుబంధ ఫారం ఉంటుంది. పాలసీ జారీ కాకముందే నింపాలి, తర్వాత కలపమంటే కలపరు. బాండు చేతికొచ్చాక నచ్చకపోతే తిప్పి ఇవ్వడానికి ముప్పై రోజులుంటాయి. ఆలోపు మొదటి పేజీ తిప్పి, మీ భార్యాబిడ్డల పేర్లు, వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ప్రస్తావన అచ్చయ్యాయో లేదో చూసుకోండి.