చెరువు పులి పులుసు

మాంసాహారులం అని చెప్పుకుంటాం గానీ, మనం తినే మాంసంలో చాలా భాగం శాకాహారులదే. మేకా గొర్రే ఆకులూ అలములూ తిని బతికేవి. వెనకటి వేటగాళ్లు అడవి నుంచి మోసుకొచ్చిన కుందేలూ దుప్పీ కణుజూ కూడా గడ్డి మేసేవే. పులినో తోడేలునో కొట్టినవాడు తోలూ గోళ్లూ దాచుకున్నాడు తప్ప పొయ్యి మీదికి ఎక్కించలేదు. నక్కనూ అడవిపిల్లినీ తినే అలవాటు కొన్ని సంచార జాతుల్లో ఉండేది. ఊరు మాత్రం ఆ మాంసం ముట్టలేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అలాంటి వేట నేరమైంది.

ఒక్క వేటజీవి విషయంలో మాత్రం ఊరు ఊరంతా ఈ పట్టింపు పక్కన పెట్టేసింది. అది కప్పల్ని మింగుతుంది, తోటి చేపల్ని మింగుతుంది, ఆకలేస్తే తన జాతి పిల్లల్నీ వదలదు. అయినా దాన్ని పట్టుకున్నవాడు చెరువు గట్టు మీద నడిచి వస్తుంటే నలుగురూ ఆగి బేరమాడతారు. అదే కొర్రమీను.

తిరువూరు ప్రాంతంలో, గంపలగూడెం మండలంలోని పెనుగొలను లాంటి ఊళ్లకు సముద్రం దూరం. ఖమ్మం సరిహద్దుకు ఆనుకున్న మెట్ట నేల ఇది. ఇక్కడ చేప అంటే ఊరి చెరువు చేప, సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పొలాల్లోకి చేరిన చేప, వరద తగ్గాక కట్టలేరు మడుగుల్లో మిగిలిన చేప. బొచ్చె, శీలావతి, వాలుగ, ఇంగిలాయి, మట్టగిడస అన్నీ దొరికినా ‘ఇవాళ చేపలు పడ్డాయి’ అన్న మాటకు ‘కొర్రమీను పడింది’ అన్న మాటకున్న బరువు లేదు.

గాలి కోసం పైకి వస్తుంది

కొర్రమీనును పట్టే పద్ధతులన్నీ దాని అలవాట్లలోంచే పుట్టాయి. వాటిలో మొదటిది ఊపిరి. ఈ చేపకు మొప్పలు చాలవు. తలలో, మొప్పల పైభాగాన గాలి పీల్చుకునే గది లాంటి అవయవం ఉంటుంది. కాసేపటికోసారి నీటి పైకి వచ్చి గాలి గుటక వేయకపోతే నీళ్లలోనే ఉక్కిరిబిక్కిరై చస్తుంది. అందుకే బురద కుంటలో మిగతా చేపలు వెల్లకిలా తేలుతున్నప్పుడు కూడా ఇది బతికే ఉంటుంది. తడి ఆరకుండా చూస్తే గట్టు మీద గంటల తరబడి ఉంటుంది. ఒక గుంట ఎండబోతే తడి నేల మీద పాకుతూ ఇంకో గుంటకు చేరుతుంది. చెరువు పూర్తిగా ఎండిపోతే తడి బురదలోకి దూరి వానల దాకా కాచుకుంటుంది.

దాన్ని కాపాడే ఈ గుణమే వేటగాడికి ఆచూకీ ఇస్తుంది. తుంగ మధ్యనో తామరాకుల సందునో నీరు చిన్నగా విచ్చుకుని ఒక గుటక చప్పుడు వస్తుంది. అనుభవమున్నవాడు ఆ చోటు గుర్తుపెట్టుకుని మళ్లీ లేచే దాకా కదలడు. రెండోసారి అక్కడికి దగ్గర్లోనే లేస్తే అది మాటు వేసి ఉన్న చేప. దూరంగా లేస్తే తిరుగుతున్న చేప. గాలం ఎక్కడ వేయాలో, ఎంతసేపు కాయాలో దాన్నిబట్టి తేలుతుంది.

రెండో అలవాటు తిండి. కొర్రమీను వెంటపడి తరిమే రకం కాదు. నాచులోనో గడ్డి మొదట్లోనో కదలకుండా పొంచి ఉండి, ఎర నోటి దూరంలోకి రాగానే ఒక్క ఉదుటున దూకుతుంది. అందుకే దీనికి బతికున్న ఎర కావాలి. చిన్న కప్పను గాలానికి గుచ్చేటప్పుడు కండలోకి దించకుండా వీపు తోలుకో తొడ తోలుకో తగిలిస్తారు. కప్ప చావకూడదు, ఈదుతూ ఉండాలి. పొడవాటి వెదురు కర్రకు గట్టి దారం కట్టి, గడ్డి దుబ్బుల మధ్య తెరిపి ఉన్నచోట కప్పను ఆనీ ఆననట్టు వదులుతారు. అది నాలుగు తన్నులు తన్నేసరికి కింద నుంచి దెబ్బ పడుతుంది.

కొత్తవాడు తప్పు చేసేది ఇక్కడే. లాగు తగలగానే కర్ర ఎత్తేస్తాడు. కొర్రమీను మొదట ఎరను పళ్ల మధ్య పట్టుకుని తన చోటికి తీసుకుపోతుంది. మింగేది ఆ తర్వాత. దారం ఒక పక్కకు సాగిపోతుంటే సాగనివ్వాలి. అది ఆగి, మళ్లీ కదిలినప్పుడు గుంజాలి. గుంజాక మాత్రం ఆలస్యం పనికిరాదు. నాచులో తల దూర్చిందంటే దారమే తెగుతుంది. అంత ఓపిక లేనివాళ్లు గట్టు వెంట పుల్లలు పాతి, సాయంత్రం ఎరగాలాలు కట్టి తెల్లారి తీసుకుంటారు.

గాలం ఒక్కడి వేట. ఊత నలుగురి వేట. కింద వెడల్పుగా, పైన చెయ్యి పట్టేంత కంతతో వెదురు పుల్లలు అల్లి కట్టిన బుట్ట అది, అడుగు ఉండదు. ఎండాకాలం చెరువు మోకాలి లోతుకు దిగినప్పుడు వరసగా నడుస్తూ ఊతను బురదలోకి దబదబా దింపుతారు. లోపల చేప చిక్కితే పుల్లలకు కొట్టుకుంటుంది, ఆ అదురు అరచేతికి తెలుస్తుంది. పై కంతలోంచి చెయ్యి పెట్టి, తల వెనక బిగించి పట్టుకుని తీయాలి. నడుం దగ్గర పట్టుకుంటే జారిపోతుంది, తోక పట్టుకుంటే చెయ్యి విదిలించుకుని పోతుంది.

తొలకరికి లెక్క మారుతుంది. కొత్త నీరు రాగానే చేపలు ఎదురెక్కుతాయి. చెరువులోంచి కాలువకు, కాలువలోంచి వరి మడికి. అప్పుడు మడి గట్టు తెగిన చోట మావు పెడతారు. లోపలికి పోవడమే గానీ వెనక్కి రావడానికి వీల్లేకుండా పుల్లల మొనలు లోపలివైపు తిప్పి అల్లిన బుట్ట అది.

పట్టకూడని చేప

మూడో అలవాటు పిల్లల కాపలా. దాన్ని వాడుకునే వేట ఈ సంప్రదాయానికే మచ్చ. వానాకాలంలో గడ్డి మధ్య గుండ్రంగా చోటు చేసుకుని కొర్రమీను గుడ్లు పెడుతుంది. గుడ్లు పైన తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఎర్రటి పిల్లల గుంపు ఒక ముద్దలా నీటి మీద కదులుతుంటే తల్లీ తండ్రీ కింద కాపు కాస్తుంటాయి. ఆ సమయంలో గుంపు దగ్గరికి ఏది వచ్చినా కరుస్తాయి, ఆకలితో కాదు, కోపంతో. ఎర లేని గాలం విసిరినా తగులుకుంటుంది. అంత సులువు మరే వేటలోనూ లేదు. కానీ ఆ పెద్ద చేపను తీసిన పూటే మిగతా చేపలు పిల్లల గుంపును ఊడ్చేస్తాయి. ఒక చేప కోసం వందల చేపల్ని పోగొట్టుకోవడం అది. పిల్లల మీదున్న కొర్రమీనును వదిలేసేవాడే నా లెక్కలో అసలైన వేటగాడు.

బూడిద, కత్తిపీట, చట్టి

పట్టడం ఒక ఎత్తు, కోయడం మరో ఎత్తు. కొర్రమీను ఒంటి నిండా జిగురు. పైగా అంగడికి వచ్చేది ప్రాణంతోనే. గాలి పీల్చే చేప కాబట్టి జానెడు నీళ్లున్న టబ్బులో సాయంత్రం దాకా ఉంటుంది, ఎగిరి బయటపడకుండా పైన వల కప్పుతారు. చేపలు కోసే ఆవిడ పక్కన పొయ్యి బూడిద గుట్టగా ఉంటుంది. చేపను అందులో దొర్లిస్తే పట్టు దొరుకుతుంది. తల మీద ఒక్క దెబ్బ వేసి, గరుకు రాయి మీద తోక నుంచి తల వైపు రుద్దితే బూడిదతో పాటు జిగురూ పొలుసూ వచ్చేస్తాయి. తర్వాత కత్తిపీట మీద పొట్ట చీల్చి, పేగులు తీసి, అడ్డంగా ముక్కలు కోస్తుంది. ఇంటికి తెచ్చాక కల్లుప్పు, పసుపు పట్టించి రెండు మూడు నీళ్లు మార్చి కడిగితే నీచు పోతుంది.

ఈ మాంసం రుచికి కారణం కూడా దాని వేటలోనే ఉంది. పొంచి ఉండి ఒక్కసారిగా దూకే చేపకు కావాల్సింది తెల్ల కండ. గట్టిగా ఉంటుంది, కొవ్వు తక్కువ, అందుకే నీచూ తక్కువ. బొచ్చెలోనూ శీలావతిలోనూ కండ మధ్య దూరి ఉండే సన్నముళ్లు ఇందులో దాదాపు ఉండవు. నడిముల్లు తీసేస్తే పసిపిల్లకైనా పెట్టొచ్చు.

పులుసుకు వెడల్పాటి మట్టిచట్టి మేలు. నువ్వుల నూనెలో నాలుగు మెంతులు, కరివేపాకు, చీరిన పచ్చిమిర్చి వేసి, నూరిన ఉల్లిపాయ ముద్ద పచ్చివాసన పోయేదాకా వేయించాలి. పసుపు, కారం, ధనియాల పొడి పడ్డాక చింతపండు పులుసు పోసి ముందు దాన్నే మరగనివ్వాలి. కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత చింతపండు. మామిడి తోటల సీమ కాబట్టి ఎండాకాలంలో చింతపండు సగానికి తగ్గించి పుల్ల మామిడి ముక్కలు వేస్తే రుచి ఇంకో మెట్టెక్కుతుంది. పులుసు చిక్కబడ్డాకే చేప ముక్కలు దించి, పూర్తిగా ఉడికేదాకా మరగనివ్వాలి. ఆ తర్వాత గరిటె ముట్టకూడదు. గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని గుండ్రంగా తిప్పడమే. చివర దంచిన వెల్లుల్లి, వేయించిన జీలకర్ర మెంతి పొడి చల్లి దింపాలి. వండిన పూట తినేది ఆకలి కోసం. మర్నాడు పొద్దున చద్దన్నంలో కలుపుకునేది రుచి కోసం.

మాంసాహారి మాంసానికి ఒక నియమం

చేప ముక్క మరిగే పులుసులో పూర్తిగా ఉడకడం రుచికే కాదు, ఒంటికీ మంచిది. వేటాడే జీవి తాను తిన్నవాటి క్రిముల్ని కూడా ఒంట్లోకి తెచ్చుకుంటుంది. అమెరికాలో ఎలుగుబంటి మాంసం సరిగా ఉడకకుండా తిన్న వేటగాళ్లకు ట్రైకినెల్లా అనే పురుగు సోకడం వైద్యులకు తెలిసిన సంగతే. చలిదేశాల్లో ఆ పురుగు జాతి ఒకటి మాంసాన్ని గడ్డకట్టించినా చావదు, ఉడికితేనే చస్తుంది. థాయిలాండ్‌లో కొర్రమీను జాతి చేపల్ని పచ్చిగా, సగం పచ్చిగా తినేవారికి న్యాథోస్టోమా అనే పురుగు చర్మం కిందికి చేరి వేధిస్తుంది. మన చట్టిలో మరిగే పులుసు ఆ భయం లేకుండా చేసింది.

ఈ చేపను ఇష్టపడేది మనం ఒక్కరమే కాదు. వియత్నాంలో పొలం గట్టునే గడ్డి కప్పి నిప్పు పెట్టి కాల్చుకుంటారు. మలేసియా, ఇండోనేసియాల్లో కాన్పయినవారికీ ఆపరేషన్ అయినవారికీ గాయం త్వరగా మానుతుందని పెడతారు. ఇండోనేసియాలో దీని అల్బుమిన్ సారం మాత్రలుగానూ అమ్ముతారు. మన దగ్గర హైదరాబాద్‌లో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబం ఉబ్బసానికి ఇచ్చే చేప మందులో మింగించేది కొర్రమీను పిల్లనే. ఆ మందు పనిచేస్తుందని శాస్త్రం తేల్చలేదు గానీ, జనం తండోపతండాలుగా వస్తూనే ఉన్నారు. తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర చేప గౌరవమూ దీనికే దక్కింది. అమెరికా కథ తిరగబడింది. 2002లో మేరీల్యాండ్‌లో ఒక చెరువులో దీని చైనా దాయాది బయటపడగానే గగ్గోలు పుట్టి, బతికున్నవాటి దిగుమతినే ఆపేశారు. పట్టి తినండని ఇప్పుడు మేరీల్యాండ్ ప్రభుత్వమే ప్రోత్సహిస్తోంది. జనం బెదరకుండా 2024లో ‘చెసపీక్ చన్నా’ అని కొత్త పేరు కూడా పెట్టింది.

శత్రువుల జాబితాలో

ఇంత గిరాకీ ఉన్న చేప మన చెరువుల్లో ఎందుకు తగ్గుతోంది? బొచ్చె, శీలావతి పిల్లల్ని వదిలి పెంచే చెరువులో కొర్రమీను దొంగ కింద లెక్క. పిల్లల్ని వదలకముందు ఇలాంటి వేటచేపల్ని చంపడానికి హెక్టారుకు 2,500 కిలోల ఇప్పపిండి వేయమని చేపల పెంపకం పాఠాలు చెబుతాయి. అంగట్లో బొచ్చె కంటే ఎక్కువ ధర పలికే చేపను చెరువులో విషం పెట్టి చంపుతున్నాం. 1988లో దేశంలోకి వచ్చిన పుండ్ల జబ్బు కొర్రమీనును బాగా దెబ్బతీసింది. పత్తికీ మిరపకూ కొట్టే మందులు వాన నీటితో చెరువుకు చేరి ముందు కప్పల్ని, పురుగుల్ని తగ్గిస్తాయి. కొవ్వులో నిలిచిపోయే రకం మందులైతే చిన్న చేపలోంచి పెద్ద చేపలోకి పేరుకుంటూ పోతాయి. గొలుసు చివర కూర్చున్న వేటచేపకే అందరికంటే ఎక్కువ వాటా. దాని తర్వాతి వాటా మనదే.

పెంపకం కొర్రమీను వచ్చింది కదా అనొచ్చు. వచ్చింది, మంచిదే. పిల్లలు ఒకదాన్నొకటి మింగేస్తాయి కాబట్టి సైజుల వారీగా వేరు చేస్తూ, తేలే మేత అలవాటు చేసి పెంచుతున్నారు. గిరాకీ ఒత్తిడి ఊరి చెరువు చేప మీద ఆ మేరకు తగ్గుతుంది. కానీ మేతకు అలవాటుపడ్డ చేప ఏ చెరువు ఎలా ఉందో చెప్పలేదు. ఊరి చెరువులో దానంతట అది బతికిన కొర్రమీను ఉందంటే అక్కడ కప్పలున్నాయి, కప్పలకు పురుగులున్నాయి, దాక్కోవడానికి తుంగ ఉంది, విషం ఇంకా హద్దు దాటలేదు. ఆ లెక్క చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు, గాలం పట్టినవాడు చాలు.

కాబట్టి పులుసు నిలవాలంటే చేయాల్సిన పనులు గట్టు దగ్గరే ఉన్నాయి. చెరువు బాగుచేసేటప్పుడు ఒక మూల తుంగనూ నాచునూ వదిలేయాలి. చెరువు పాట పాడుకున్న సంఘాలు ఇప్పపిండి బదులు వలతో పెద్ద కొర్రమీనుల్ని ముందే తీసి అమ్ముకోవాలి. డబ్బూ వస్తుంది, బొచ్చె పిల్లలూ మిగులుతాయి. నీళ్లలో మందు కలిపి, తూటా పేల్చి చేపలు పట్టడం 1897 నాటి చట్టం ప్రకారమే నేరం. కరెంటు తీగ వేసేవాడినీ ఊరు అదే కంటితో చూడాలి. వానాకాలంలో ఎర్ర పిల్లల గుంపు కనపడితే గాలం చుట్టేయాలి. ఇవి పాటించే ఊళ్లో కొర్రమీను ధర మాట్లాడుకునేది అంగట్లో. పాటించని ఊళ్లో దాని సంగతి మాట్లాడుకునేది ముసలివాళ్లే.