‘ఇబ్రహీంపట్నం వచ్చింది’: వ్యవహారంలో, శాస్త్రంలో, వెండితెరపై చలనం

హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ రహదారిపై వెళ్ళే ఆర్టీసీ బస్సులో "ఇబ్రహీంపట్నం వచ్చింది, దిగండి" అన్న మాట రోజూ వినిపించేదే. (విజయవాడ పక్కన మరొక ఇబ్రహీంపట్నం ఉంది, ఇది రంగారెడ్డి జిల్లాలోనిది.) నిజానికి వచ్చింది బస్సు, ఊరు కాదు. అయినా ఆ మాటను బస్సులో ఎవరూ తప్పుపట్టరు. తప్పుపట్టేది భౌతికశాస్త్ర తరగతి. ఇటువంటి వాక్యాలను అపోహలకు ఉదాహరణలుగా చూపి, వ్యవహారభాష చెప్పిన తప్పును శాస్త్రం సరిదిద్దుతుందన్న ధోరణిలో సాగే బోధన అరుదు కాదు. ఇంటి భాషను అజ్ఞానంగా భావించడం అలవాటైన విద్యార్థి ఆ భాషలో శాస్త్రాన్ని ఆలోచించడం మానుకుంటాడు. ఈ నష్టం చిన్నది కాదు. పైగా ఆ ధోరణికి శాస్త్రపరమైన ఆధారం కూడా లేదు.

కండక్టరు వాక్యం చలనాన్ని తప్పుగా చెప్పడం లేదు. బస్సును కదలనిదిగా తీసుకొని, దాని దృష్ట్యా ఊరి కదలికను చెబుతోంది. శాస్త్ర పరిభాషలో దీని పేరు నిర్దేశ చట్రం. చలనమనేది దేని దృష్ట్యా అన్నది చెప్పకపోతే అర్థంలేని మాట అవుతుంది. తెలుగు వ్యవహారం ఈ చట్రాన్ని ఎంత సులువుగా మారుస్తుందో గమనించదగినది. ఫోనులో "ఎక్కడున్నావు?" అని అడిగితే, ఇంకా ఇంట్లోంచి బయలుదేరుతున్నవాడు కూడా "వస్తున్నా" అంటాడు. తానున్న చోటు నుండి చూస్తే అతడు వెళ్తున్నాడు. వినేవాని చోటు నుండి చూస్తే వస్తున్నాడు. అతడు రెండవదాన్ని ఎంచుకుంటాడు. ఇల్లు విడిచేటప్పుడు "వెళ్ళొస్తాను" అనడం, తెలంగాణలో "పోయొస్త" అనడం కూడా ఇటువంటివే. ‘పోయాడు’ అంటే మరణించాడనే అర్థం కూడా ఉన్నందున, ఒట్టి ‘పోతాను’ అనడానికి పెద్దలు ఒప్పుకోరు. చట్రం ఎంపికలో ఇక్కడ మర్యాద, శుభాశుభాల పట్టింపు కలిసి పనిచేస్తున్నాయి.

పడవ, పక్షి, బస్సు

ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో, గోళపాదంలో పడవ దృష్టాంతాన్ని వాడాడు. ముందుకు సాగే పడవలో ఉన్నవానికి ఒడ్డునున్న స్థిరవస్తువులు వెనుకకు పోతున్నట్లు ఎలా తోస్తాయో, లంకలో ఉన్నవానికి నిశ్చల నక్షత్రాలు పడమరకు పోతున్నట్లు అలా తోస్తాయని దాని సారం. కండక్టరు మాటకూ దీనికీ తేడా ఒకటే. పడవలోని దృశ్యాన్ని ఆర్యభటుడు ‘తోచడం’ అన్నాడు. కండక్టరు దాన్ని ‘రావడం’ అన్నాడు.

దీన్ని చూపించి సాపేక్షత అంతా మనవాళ్ళు ముందే చెప్పారనే వాదం వినబడుతుంటుంది. ఆ వాదం చరిత్రను తేలిక చేస్తుంది. గోళపాదంలోని తరువాతి శ్లోకం నక్షత్ర గమనానికి ప్రవహవాయువును కారణంగా చెప్పడంతో, వ్యాఖ్యాతలు పలువురు భూభ్రమణాన్ని ఆర్యభటుని మతంగా అంగీకరించలేదు. వరాహమిహిరుడు పంచసిద్ధాంతికలో సూటిగా ఆక్షేపించాడు: భూమే తిరుగుతుంటే ఆకాశానికెగిరిన పక్షులు తిరిగి తమ గూళ్ళను చేరగలవా? ఇది మూఢ ప్రశ్న కాదు, గట్టి ప్రశ్న. పడవ ఉపమానం చూపును వివరించింది గాని, కదిలే నేలతోపాటు గాలీ పక్షీ ఎందుకు కదులుతాయో వివరించలేదు. గెలీలియో 1632లో, నిలకడగా సాగే ఓడ గదిలో ఎగిరే సీతాకోకచిలుకలను ఉదాహరించే నాటికి వెయ్యేళ్ళు దాటాయి. నిలకడగా పోయే బస్సులో పైకెగరేసిన నాణెం ఎగరేసినవాని చేతిలోనే పడుతుంది. వరాహమిహిరుని పక్షికి సమాధానం ఆ నాణెంలో ఉంది.

ఆ సమాధానానికి తెలుగు పాఠ్యపుస్తకం పెట్టిన పేరు ‘జడత్వం’. ఈ అనువాదంపై చర్చ అవసరం. జడమంటే చలనం లేనిది, మందమైనది, జడుడంటే మందబుద్ధి. న్యూటన్ మొదటి నియమంలో మాత్రం కదలనిది కదలకుండా ఉండడం ఎంతో, కదిలేది అదే వేగంతో సాగిపోవడం కూడా అంతే. బస్సుకు హఠాత్తుగా బ్రేకు పడినప్పుడు నిలబడిన ప్రయాణికులు ముందుకు తూలడం ఈ రెండవ సగం వల్లనే. పదం ఆ సగాన్ని కప్పివేస్తుంది. ‘వడి’, ‘వేగం’ సంగతి మరీ విచిత్రం. వ్యవహారంలో ఇవి పర్యాయపదాలు. పాఠ్యపుస్తకం దిక్కు గల రాశికి సంస్కృత పదమైన ‘వేగం’ను ఇచ్చి, దేశ్యమైన ‘వడి’ని దిక్కులేనిది చేసింది! ఈ పంపకానికి భాషాపరమైన హేతువు కనబడదు. అందుచేత విద్యార్థి తడబడితే ఆ తప్పు అతని ఇంటి భాషది కాదు, పారిభాషిక పదకల్పనది.

ఆగితేనే కదిలే బొమ్మ

‘చలనచిత్రం’ అన్న పేరు కూడా పరీక్షకు నిలవదు. ఫిల్ము ప్రొజెక్టరులో ప్రతి ఫ్రేమూ దీపం ముందు ఒక క్షణం ఆగుతుంది. అది జరిగి మరొకటి వచ్చేలోపు షట్టరు వెలుతురును మూసివేస్తుంది. సెకనుకు 24 సార్లు ఇదే తంతు. ఫిల్ము ఆగకుండా జారిపోతే తెరపై కనిపించేది మసక మాత్రమే. నిజంగా జరిగే కదలికను ప్రేక్షకుని నుండి దాచి, ఆగిన క్షణాలను మాత్రమే చూపడం వల్ల సినిమాలో చలనం పుడుతుంది. మాయాబజార్ (1957)లో ఎస్.వి. రంగారావు నోటిలోకి ఎగిరివచ్చే లడ్డూలు ఈ సూత్రానికి మరింత నగ్నమైన రూపం: కెమెరా ఆగినప్పుడు లడ్డూను జరుపుతారు, జరపడం ఆగినప్పుడు ఫ్రేము తీస్తారు. ఊళ్ళలో జనం సినిమాను ‘బొమ్మ’ అన్నారు, అది ‘ఆడుతుంది’ అన్నారు, ప్రదర్శనను ‘ఆట’ అన్నారు. తోలుబొమ్మలాట నుండి వచ్చిన ఈ మాటలు ‘చలనచిత్రం’ కన్నా నిక్కచ్చిగా ఉన్నాయి. బొమ్మను ఎవరో ఆడించాలన్న ఎరుక వాటిలో ఉంది.

పాత సినిమాల కారు ప్రయాణాల్లో కారు స్టూడియోలోనే ఉంటుంది. వెనుక తెరపై ముందే తీసిన రోడ్డు ప్రొజెక్షను ద్వారా కదులుతుంటే హీరో స్టీరింగు తిప్పుతాడు. అంటే అక్కడ ఊరే కారు దగ్గరకు వస్తుంది. కండక్టరు వాక్యం అక్షరాలా జరిగే చోటు అది. ఇబ్రహీంపట్నానికి చేరువలో, అనాజ్‌పూర్ వద్ద 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీలో రైల్వేస్టేషను, విమానాశ్రయం సెట్లు స్థిరంగా ఉన్నాయి. అక్కడి నుండి ఎవరూ ఏ ఊరూ చేరరు, సినిమాల్లో మాత్రం చేరుతూనే ఉంటారు. ఇప్పుడు వెనుక తెర స్థానంలో ఆకుపచ్చ గుడ్డ వచ్చింది. ఇటువంటి షాట్లను ‘కృత్రిమం’ అని కొట్టివేసే సమీక్ష, భౌతికశాస్త్ర తరగతి చేసిన పొరపాటునే చేస్తుంది: నేలను మాత్రమే నిజమైన చట్రంగా భావిస్తుంది. కారు ఆగి ఉండడం లోపం కాదు. వెనుక రోడ్డు సూటిగా సాగుతుంటే హీరో స్టీరింగును అటూ ఇటూ తిప్పడం లోపం. అప్పుడు రెండు కదలికలకు పొంతన తప్పి, దాగి ఉండవలసిన చట్రం బయటపడుతుంది.

వ్యవహారంలోని ప్రతి మాటకూ ఈ సమర్థన చెల్లదు. "ఈ దారి యాచారం పోతుంది" అన్నప్పుడు దారి తన పొడవునా తాను ప్రయాణించే చట్రమేదీ లేదు. అక్కడ కదులుతున్నది చెప్పేవాని చూపు. "మోటరు నడుస్తోంది" అన్నప్పుడు బావి దగ్గరి మోటరు ఎక్కడికీ పోదు. ఆ నడక పనిచేయడానికి మరో పేరు. ‘ఊరు వచ్చింది’ని వీటితో కలిపి ఒకే అలంకారంగా లెక్కించే అర్థవిచారం అసలు భేదాన్ని చెరిపివేస్తుంది. "పొద్దు పొడిచింది", "పొద్దు గూకింది" మాత్రం బస్సు పక్షానే నిలుస్తాయి. భూమి తిరుగుతుందని తెలిసిన పంచాంగకర్త కూడా సూర్యోదయాన్ని నేలపై నిలిచి చూసేవాని లెక్కలోనే గణిస్తాడు. ఆ లెక్కతో చెప్పిన వేళకే ఇబ్రహీంపట్నం చెరువు మీద సూర్యుడు కనిపిస్తాడు.