ఒక చిన్న డౌట్

"అన్నా, ఒక చిన్న డౌట్."

మాదాపూర్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఆఫీసులోనైనా రోజుకి పదిసార్లు ఈ మాట ఒకరి ఫోన్‌లోంచి ఇంకొకరి ఫోన్‌లోకి వెళ్తుంది. వెళ్ళి అక్కడే కూర్చుంటుంది. అవతలివాడు "చెప్పు" అనేదాకా డౌట్ బయటికి రాదు. ఇది మన గుమ్మం మర్యాద. "ఉన్నారా అండీ" అని బయటినుంచి పిలిచి, లోపలివాళ్ళు రమ్మన్నాకే వచ్చిన పని చెప్పుకుంటాం. కాకపోతే గుమ్మం దగ్గర మనిషి కనిపిస్తాడు, ఫోన్‌లో కనిపించడు. అవతలివాడు భోజనానికి వెళ్తే ఇద్దరి మధ్యాహ్నమూ పోయినట్టే. పైగా మనవాళ్ళ చిన్న డౌట్ ఏనాడూ చిన్నది కాదు.

కంప్యూటర్ లోకం ఇలాంటి అలవాట్లతో విసిగి తన మర్యాదను కాగితం మీద పెట్టుకుంది. తెలివిగా ప్రశ్న అడగడం ఎలాగో చెబుతూ ఎరిక్ రేమండ్, రిక్ మోయెన్ 2001లో రాసిన పొడుగాటి వ్యాసం ఈ వృత్తిలో ఉన్న పాఠకులకు తెలిసే ఉంటుంది. చదివి తెలుసుకున్నవాళ్ళకంటే "ముందు అది చదివి రా" అనిపించుకుని తెలుసుకున్నవాళ్ళే ఎక్కువ. అడిగే ముందు నువ్వు వెతుకు. జరిగింది జరిగిన వరసలో చెప్పు, నీ ఊహలు పక్కన పెట్టు. తప్పుల్లేకుండా రాయి. బతిమాలకు. సమస్య తీరాక ఎలా తీరిందో ఒక ముక్క రాసి పంపు. వ్యాసం సారం దాదాపు ఇదే.

దీని పక్కన సూరత్‌లోని ఒక మగ్గాల షెడ్డును పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. సూరత్ చీర తెలియని తెలుగిల్లు లేదు. కానీ దాన్ని నేసేవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారని తెలిసినవాళ్ళు తక్కువ. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు పద్మశాలీలు ఎప్పుడో వెళ్ళి అక్కడ స్థిరపడ్డారు. లింబాయత్ సందుల్లో తెలుగు వినపడుతుంది. నగరపాలిక తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది. షెడ్డులో మాత్రం తెలుగు నడవదు. షెడ్డును అక్కడ 'ఖాతా' అంటారు. పక్క మగ్గం మీద ఒడిశా గంజాం మనిషి ఉంటాడు, సేఠ్ గుజరాతీవాడు. పడుగు తానా అయిపోతుంది, పేక బానా అయిపోతుంది. నిజానికి ఏ భాషా పెద్దగా పనికిరాదు. అన్ని మగ్గాలు ఒక్కసారి కొడుతుంటే పెదాలు కదలడం కనిపిస్తుంది కానీ మాట వినపడదు.

బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు ఒక ఖాతాలో అరగంట నిలబడ్డాను. సిరిసిల్ల వైపు కుర్రాడొకడు మగ్గం ఆపాడు. ఎడమ అంచు దగ్గర పడుగు పోగులు తెగుతున్నాయి. ముడేసి నడిపితే కాసేపటికి అక్కడే మళ్ళీ తెగుతున్నాయి. మూడోసారి వాడు ముడి వెయ్యలేదు, దేన్నీ కదపలేదు. చెయ్యెత్తి రెండు వేళ్ళు ఊపాడు. మగ్గాలు బాగుచేసే జాబర్ వచ్చాడు, గంజాం మనిషి. కుర్రాడు తెగిన కొస ఒకటి గోటి మీద పరిచి చూపించాడు. బ్లేడుతో కోసినట్టు లేదు, పీచు లేచి ఉంది. జాబర్ పేక నూలు మోసే నాడె బయటికి తీసి, దాని అంచు పొడవునా బొటనవేలు నడిపించి, ఒకచోట ఆపాడు. చెక్క లేచింది. గరుకు కాగితంతో నాలుగు రుద్దులు రుద్ది నాడె తిరిగిచ్చాడు. మొత్తం వ్యవహారంలో ఒక్క మాట లేదు, ఒక్క నమస్కారం లేదు.

రేమండ్ పుటలకొద్దీ నేర్పబోయిన విద్య ఆ గోటి మీద ఉంది. నాడె పాడైందనో నూలు నాసిరకమనో కుర్రాడు తీర్పు చెప్పలేదు, లక్షణం చూపించాడు. అలాగే ఆనవాళ్ళు చెరిపెయ్యలేదు. మా ఊళ్ళో రైతు తెగులు సోకిన ఆకును జేబులో పెట్టుకుని పురుగుమందుల దుకాణానికి వెళ్ళడం కూడా ఇదే జాతి. 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్ వచ్చాక ఆ రైతుకి కొత్త కష్టం వచ్చింది. ఆకుని ఫోన్‌లో చూపించలేడు కదా, మాటల్లోకి దించాలి. మచ్చ గుండ్రంగా ఉందా, అంచు నుంచి మొదలైందా, పైఆకులకా కిందాకులకా? రాతలో అడిగేవాడి కష్టమంతా ఇదే. రేమండ్ జాబితా పొడుగ్గా ఉందని నవ్వుకునేవాళ్ళు గమనించాల్సింది, అతని దగ్గర గోరూ లేదు, ఆకూ లేదు, ఉన్నవల్లా అక్షరాలే.

ఖాతా మర్యాదా ప్రోగ్రామర్ల మర్యాదా వేరుపడే చోటు మాత్రం వినయం కాదు, గడియారం. ఖాతాలో కూలి మీటర్ల లెక్క. మగ్గం ఆగినంతసేపూ ఆగేది అడిగేవాడి కూలి. కాబట్టి దండం, ఉపోద్ఘాతం, క్షమాపణ అన్నీ అక్కడ దుబారా. అక్కడ ఎవరూ ఎవరినీ బతిమాలరు, పెడసరం అనుకోరు కూడా. కాగా ప్రోగ్రామర్ల లోకంలో జవాబు చెప్పేవాడికి పైసా రాదు. ఖర్చయ్యేది అతని సాయంత్రం. అందుకే అక్కడి నియమాలన్నీ జవాబు చెప్పేవాడికి కంచె కట్టినట్టుంటాయి. ఎవరి కాలం కరిగిపోతుందో మర్యాద వాళ్ళ పక్షాన నిలబడుతుంది.

ఈ లెక్క మన పాత పుస్తకంలో తిరగబడి కనిపిస్తుంది. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు సమిధలు పట్టుకుని పిప్పలాదుడి దగ్గరికి వెళ్తే, ముందు ఏడాది ఉండండి, తర్వాత అడగండి, తెలిస్తే చెబుతాం అంటాడు ఆయన. మాన్యువల్ చదివి రమ్మనడానికి ఇంతకంటే నిదానమైన రూపం నేను చూడలేదు. అందులో నాకిష్టమైన ఘట్టం వేరే ఉంది. కోసల రాకుమారుడు వచ్చి ఏదో అడిగితే, నాకు తెలియదు, తెలిస్తే ఎందుకు చెప్పను అన్నానని ఆరో ప్రశ్న అడిగిన సుకేశుడు చెప్పుకుంటాడు. రాకుమారుడు మారుమాట లేకుండా రథమెక్కి వెళ్ళిపోయాడట. తెలియదన్న జవాబుని అంత హుందాగా పుచ్చుకున్నవాళ్ళు ఖాతాలోనూ తక్కువే, మాదాపూర్‌లోనూ తక్కువే.

దురుసుతనంలో ఇద్దరూ సమానమే. ఒకచోట "మాన్యువల్ చదువుకో", ఇంకోచోట "అంధా హై క్యా". అయితే గంజాం జాబర్ దగ్గర మన కుర్రాడి విరిగిన హిందీ అడ్డు కాలేదు, మగ్గమే సాక్ష్యం చెప్పింది కాబట్టి. రేమండ్ దగ్గర వ్యాకరణం లేని ప్రశ్న సగం ఓడినట్టే. ఇంగ్లీషు తన సొంత భాష కాదని ముందే చెప్పుకోవచ్చని ఆ వ్యాసం దయతలిచిన మాట నిజమే. కానీ వేళ్ళలో తెలివి ఉండి వాక్యంలో లేనివాణ్ణి రాత గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. ఆ ఒక్క విషయంలో రాతకు నేను మార్కులు తగ్గిస్తాను. అలాగే ఖాతాకీ తగ్గించాలి. జాబర్ బొటనవేలికి తెలిసింది ఎక్కడా రాసి లేదు. ఆయన పండక్కి గంజాం వెళ్తే ఆ తెలివి కూడా రైలెక్కుతుంది. మర్నాడు అదే సమస్య వచ్చినవాడు మొదటి ముడి నుంచి మొదలుపెట్టాలి. రాసిన ప్రశ్న, దాని కింద రాసిన జవాబు, ముక్కూమొహం తెలియని వెయ్యోవాడికి కూడా పనికొస్తాయి. రేమండ్ చివరి ముక్క రాసి పంపమన్నది అతని కోసమే.

ఆ చివరి ముక్క ఖాతాలో బొత్తిగా లేదని మొదట అనుకున్నాను. ఆ రోజు పన్నెండు గంటల షిఫ్టు దిగే వేళకి మళ్ళీ అటు వెళ్ళాను. రాత్రి పనివాడు, వీళ్ళ ఊరివాడే, టిఫిన్ డబ్బా కొక్కేనికి తగిలిస్తున్నాడు. కుర్రాడు వాడి చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచాడు: "బావా, నాడెకు చెక్క లేసింది, రుద్దినం. ఎడమ దిక్కు జర సూస్కో."