మరకలేని పుస్తకం ఖరీదెక్కువ

పాత స్కౌట్ హ్యాండ్‌బుక్కులు పోగుచేసేవాళ్ల మార్కెట్లో ఒక రూలుంది. పుస్తకం ఎంత కొత్తగా ఉంటే అంత ధర. అట్ట చెదరకూడదు, లోపల ఎవరి పేరూ రాసి ఉండకూడదు, చెమ్మ తగలకూడదు. నవలకీ కవిత్వానికీ ఈ లెక్క పర్లేదు. హ్యాండ్‌బుక్కుకి మాత్రం ఇది తలకిందుల లెక్క. సంచిలో కుక్కి, వానలో తడిపి, ఓ చేత్తో తాడు పట్టుకుని ముందర తెరిచి పెట్టుకోడానికి అచ్చేసిన పుస్తకం అది. మరకలేని కాపీ అంటే ఎవరూ వాడని కాపీ.

నా దగ్గర హీబ్రూవి కొన్ని ఉన్నాయి, ఎక్కువ స్కాన్లే. పలాసలో కూర్చుని హీబ్రూ స్కౌట్ పుస్తకాలేంటి అని మా ఇంట్లో కూడా అడుగుతారు. అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, ఆపైన డిక్షనరీయే దిక్కు. అయినా ఇంగ్లీషు పుస్తకాల కంటే వీటితోనే ఎక్కువసేపు గడుపుతాను. ఎందుకంటే ఇక్కడ పిల్లవాడితో పాటు భాష కూడా పాఠం నేర్చుకుంటోంది. పాలస్తీనాలో హీబ్రూ స్కౌట్ల సంఘం మొదలైంది 1919లో. అప్పటికి ఆ భాష ప్రార్థనల్లోంచి, గ్రంథాల్లోంచి బయటికొచ్చి వంటింట్లోనూ వీధిలోనూ మాటగా మారి ఎన్నో ఏళ్లు కాలేదు. గుడారానికి బైబిల్లోనే మాటుంది. కానీ శిబిరంలో కుర్రాడికి కావలసినవన్నీ ప్రవక్తలు చెప్పి ఉంచలేదు కదా. అంచేత ఈ పుస్తకం సగం హ్యాండ్‌బుక్కు, సగం నిఘంటువు.

స్కౌట్ అన్న మాటకి వాళ్లు ఎంచుకున్నది 'త్సోఫె'. అంటే కావలి కాస్తూ చూసేవాడు. బైబిల్లో యెహెజ్కేలు గ్రంథంలో ఈ కావలివాడు కనిపిస్తాడు. కత్తి రావడం చూసి కూడా బూర ఊదకపోతే, చచ్చిపోయినవాళ్ల రక్తానికి అతనే జవాబుదారీ. ఇంగ్లీషు 'స్కౌట్' బరువు వేరు. అతను సైన్యానికి ముందు నడిచి చూసొచ్చి, పైవాడికి చెప్పే మనిషి. 1908లో 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' రాసిన బేడెన్ పవెల్ దక్షిణాఫ్రికాలో మాఫెకింగ్ ముట్టడిని తట్టుకుని పేరు తెచ్చుకున్న సైనికాధికారి. మరి మనం? పాత తెలుగులో 'బాలభటుడు' అన్నాం. వేగు అనే మాట చేతిలో ఉండగా భటుణ్ణి తెచ్చుకున్నాం! భటుడు చూడక్కర్లేదు, చెప్పింది చేస్తే చాలు. ఒకే టోపీ, ఒకే స్కార్ఫు, కానీ లోపల ఒకడు ఊరికి జవాబుదారీ, ఒకడు కమాండరుకి, మూడోవాడు ఆజ్ఞకి. మన దేశంలో మొదట్లో భారతీయ పిల్లల్ని ఈ ఉద్యమంలోకి రానిచ్చేవాళ్లు కాదు. 1916లో మద్రాసులో అనీబిసెంట్ విడిగా సంఘం పెట్టాల్సొచ్చింది. పోట్లాడి సంపాదించుకున్న చోటుకి 'భటుడు' అని పేరు పెట్టుకోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మాట బాగుందని హీబ్రూ పుస్తకాల్ని వదిలేయలేం. త్సోఫె దేన్ని చూస్తాడు? స్కౌట్ల ఆటల్లో 'కిమ్ ఆట' ఒకటుంది, హీబ్రూలోనూ దాని పేరు అదే. ఒక పళ్లెంలో ఇరవై పైచిలుకు వస్తువులు పెట్టి, ఒక నిమిషం చూపించి, గుడ్డ కప్పేస్తారు. ఏమేం చూశావో చెప్పాలి. ఇది కిప్లింగ్ 1901 నాటి 'కిమ్' నవలలోది. లాహోర్ వీధి కుర్రాడికి సిమ్లాలో గూఢచారి చదువు చెప్పే ఘట్టం. ఆటలో గెలవాలంటే జ్ఞాపకశక్తి కావాలి. కానీ పళ్లెంలో ఏం పెట్టాలో నిర్ణయించేది ఆడే పిల్లాడు కాదు. హీబ్రూ యువజన సంఘాల పాదయాత్రలూ అలాంటి పళ్లేలే. 'దేశాన్ని తెలుసుకోవడం' అని వాటికి పేరు. ఈ కొండ బైబిల్లో ఫలానా, ఈ లోయలో ఫలానా యుద్ధం అని చూపిస్తారు. ఆ లోయలో పొయ్యి వెలిగించుకుంటున్న అరబ్బు ఊరు పళ్లెంలోకి వచ్చేది తక్కువ, వచ్చినా దృశ్యంలో భాగంగానే. 1948లో అలాంటి ఊళ్లు వందలు ఖాళీ అయిపోయాయి. అలాగని ఒకే గాటన కట్టలేను. 1943లో వార్సా ఘెట్టో తిరుగుబాటుకి ముందు నిలిచిన మొర్దెకయ్ అనీలెవిచ్ కూడా హషోమెర్ హత్సయిర్ అనే యూదు యువజన సంఘంలోంచి వచ్చినవాడే. బూర ఊదాల్సిన వేళ ఊదాడు.

నేనుండే చోటు నుంచి చూస్తే ఈ పుస్తకాల్లో అడవి అధ్యాయం దగ్గర చదువు ఆగిపోతుంది. స్కౌటుకి అడవి అంటే సెలవురోజు. జాడలు పట్టడం, నెగడు వేయడం, నక్షత్రాలు చూడడం. మా మందసలో 1940లో అడవి అంటే కట్టె. జమీందారు అడవిలో కట్టె కొట్టుకునే హక్కు కోసం రైతులు కదిలారు. ఆ ఏడాది మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పుల్లో వీరగున్నమ్మ చనిపోయింది. నెగడుకి పుల్లలు ఎలా పేర్చాలో హ్యాండ్‌బుక్కు బొమ్మలేసి మరీ చెబుతుంది. ఆ పుల్లలు ఎవరివో చెప్పదు.

ముడుల అధ్యాయం మాత్రం నాకిష్టం. అక్కడ దేశమూ లేదు, ప్రతిజ్ఞా లేదు. తాడు ఇటు నుంచి అటు, కింద నుంచి పైకి. భావనపాడులోనో బారువలోనో వల బాగుచేసుకుంటున్న మనిషి ఆ బొమ్మలు చూస్తే భాష రాకపోయినా పట్టేస్తాడు. అతని ముడులకి మాత్రం పుస్తకం లేదు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా పెలికాన్లూ పెయింటెడ్ స్టార్కులూ వస్తాయి. అవి రాకపోతే ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ల నమ్మకం. ఆ పక్షుల్ని కాచుకునే ఊళ్లో త్సోఫె అన్న మాట వివరించనక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ జీడినీ పడగొట్టింది. ఆ రోజు తెలిసినవీ, ఆ తర్వాత తెలిసినవీ పిల్లలకి అర్థమయ్యే బొమ్మలతో ఎక్కడైనా ఉంటే ఆ హ్యాండ్‌బుక్కు కోసం హీబ్రూవన్నీ ఇచ్చేస్తాను.

ఈలోగా, కాగితం కాపీ ఏదైనా చేతికొస్తే అట్ట చూడను. ఏ పేజీ నలిగిందో చూస్తాను. సెల్యూట్ పేజీ తెల్లగా ఉండి, ముడుల పేజీ బురద మరకలతో ఉంటే, అమ్మేవాడు చెప్పిన రేటుకి బేరమాడను.