కొలతకు నిలిచే ఫొటో

నల్లగండ్ల దాటి గోపన్‌పల్లి వైపు వస్తే ఒకపక్క ఐటీ కంపెనీల ప్రహరీలు, కొత్త అపార్ట్‌మెంట్లు; ఇంకోపక్క సెంట్రల్ యూనివర్సిటీ గుట్టలు, బండరాళ్లు. టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) హైదరాబాద్ ప్రాంగణం ఇక్కడే ఉంది. 2010లో శంకుస్థాపన జరిగింది. నార్సింగిలోని తాత్కాలిక చోటు నుంచి 2017లో ప్రయోగశాలలు ఇక్కడికి చేరాయి. లేజర్లు, ఎన్‌ఎంఆర్, జీవకణాలు, ఇసుక రేణువుల కదలిక - ఏ లాబ్‌లోకి వెళ్లినా ఏదో ఒక రూపంలో కెమెరా కనిపిస్తుంది. పెళ్లి ఫొటోలకూ సినిమా ఫొటోగ్రఫీకీ పేరున్న ఈ నగరంలో, పరిశోధనకూ పరిశ్రమకూ ఫొటోలు తీసే పనిని మాత్రం మనం ఇంకా వృత్తిగా గుర్తించలేదు. చివరి రోజున, బ్రోచర్ అచ్చుకు వెళ్లే ముందు, ఎవరినో పిలిచి తీయించడం అలవాటైపోయింది. ఈ పని లోతు తెలిస్తే అలా చేయబుద్ధి కాదు.

చిప్పులు తయారుచేసే పలక, సిలికాన్ వేఫర్‌నే తీసుకుందాం. ఫొటోగ్రాఫర్‌కు అది పచ్చి అద్దం. నేరుగా ఫ్లాష్ కొడితే మధ్యలో తెల్లటి మచ్చ, దాని పక్కన కెమెరా, దాని వెనక మనిషి, అన్నీ అందులోనే కనిపిస్తాయి. అందుకే లైటును వస్తువు మీదికి తిప్పరు. వస్తువు ఏం చూడాలో దాన్ని వెలిగిస్తారు. ట్రేసింగ్ పేపరు వెనక లైటు పెట్టి, ఆ తెల్లటి పరుపు వేఫర్‌లో ప్రతిఫలించేలా కోణం కుదురుస్తారు. కెమెరాకు ముందు నల్ల ఛార్టు అడ్డం పెట్టి, లెన్స్ మాత్రమే బయటికి చూసేంత రంధ్రం చేస్తారు. ఇక అంగుళం అంగుళం లైటు జరుపుతూ పోతే, ఒకచోట చిప్పుల గీతలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. ఇంకొంచెం జరిపితే మాయమవుతాయి.

అక్కడ కనిపించే రంగు అలంకారం కాదు, మందానికి గుర్తు. సిలికాన్ మీది ఆక్సైడ్ పొర ఎంత మందముంటే దానికి తగ్గ రంగు కనిపిస్తుంది. ఒకే ఒక్క పరమాణువు మందమున్న గ్రాఫీన్ మామూలు మైక్రోస్కోపులో కంటికి ఆనడానికి కారణం ఇదే. 300 నానోమీటర్ల ఆక్సైడ్ మీద అది లేత నీడలా తెలుస్తుంది. అదే 315 నానోమీటర్లయితే పూర్తిగా కనిపించకుండా పోవచ్చని ఆ పదార్థాన్ని వేరుచేసిన గైమ్, నోవోసెలోవ్‌లే రాశారు. అలాంటి ఫొటోలో 'కాస్త బాగుంటుంది' అని రంగు పెంచితే ఏం పోతుందో వేరే చెప్పాలా?

చిప్పులు తయారయ్యే క్లీన్‌రూంలో చిక్కు ఇంకోరకం. వేఫర్ మీద చిప్పుల గీతలు ముద్రించే లిథోగ్రఫీ గదిలో పసుపు లైట్లే ఉంటాయి. వేఫర్‌కు పూసే ఫొటోరెసిస్ట్ నీలి, అతినీలలోహిత కాంతికి మారిపోతుంది కనుక ఒక్క ఫ్లాష్ పేలినా ఆ బ్యాచ్ మీద నమ్మకం పోతుంది. నీలం లేని వెలుతురులో వైట్ బ్యాలెన్స్ ఎంత తిప్పినా నీలం పుట్టదు. వెలుగు తిప్పడానికి వాడే థర్మాకోల్ షీటు రేణువులు రాలుస్తుంది కాబట్టి లోపలికి రానివ్వరు. కెమెరాను ఆల్కహాల్‌తో తుడిచి, లెన్స్ బయటే బిగించుకుని వెళ్లాలి. లోపల లెన్స్ మార్చడం ఉండదు.

లేజర్ లాబ్‌లో కిరణం పక్కనుంచి చూస్తే కనిపించదు. దారిలో ధూళి ఉంటేనే కనిపిస్తుంది, మంచి లాబ్‌లో ధూళి ఉండదు. గది చీకటి చేసి, షట్టర్ కొన్ని సెకన్లు తెరిచి ఉంచి, లాబ్‌లో పనిచేసేవారు ఒక తెల్ల కాగితాన్ని కిరణం వెంట మెల్లగా నడిపిస్తారు. కాగితం ఫొటోలో ఆనదు, కిరణం దారి ఆనుతుంది. ఉంగరాలు, వాచీ తీసేయాలి. మెరిసే ట్రైపాడ్ కాళ్లకు నల్ల గుడ్డ చుట్టాలి. కిరణం నేరుగా తగిలితే సెన్సర్ కాలుతుంది, కన్ను పోతుంది. ఏ కిరణం ఎటు పోతుందో లాబ్ వాళ్లు ముందే గీసి చూపించాలి, కళ్లజోడు ఇవ్వాలి. ఈ పని ఇద్దరూ కలిసి చేసేది.

ఈ క్రమశిక్షణ హైదరాబాద్‌కు కొత్త కాదు. లాలా దీన్‌దయాళ్ తీసిన నిజాం దర్బారు ఫొటోలు అందరికీ తెలుసు. బేగంపేటలోని నిజామియా వేధశాలలో తీసిన ఆకాశం ఫొటోల సంగతి చాలామందికి తెలియదు. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పటం పథకంలో, దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య భాగం ముందు చిలీలోని శాంటియాగోకు అప్పగించారు. అక్కడ పని సాగక అది హైదరాబాద్‌కు వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన ఆ వేధశాలలో డైరెక్టర్లు చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్ హయాంలో, 8 అంగుళాల కుక్ టెలిస్కోపుతో గాజు పలకల మీద నక్షత్రాలను పట్టారు.

నన్ను కట్టిపడేసేది ఆ పలకల మీది గళ్లు. నక్షత్రాల ఫొటో తీసిన పలక మీదే, డెవలప్ చేసే ముందు, 5 మిల్లీమీటర్ల దూరంలో గీసిన సన్నని గీతల వలను కూడా ముద్రించేవారు. ద్రావణంలో పలక మీది జెలటిన్ పొర సాగినా ముడుచుకున్నా గీతలు కూడా అంతే వంగుతాయి. ఆ వంపు కొలిచి నక్షత్రం స్థానాన్ని సరిచేయవచ్చు. ఫొటో తన తప్పును తానే చూపించే ఏర్పాటు అది. ఇప్పుడు మైక్రోస్కోపు చిత్రం మూలన వేసే స్కేల్ బార్, రంగుల ఫొటో పక్కన పెట్టే కలర్ చార్టు ఆ వల సంతతే.

ఆ పలకల నుంచి కొలిచిన స్థానాలు కేటలాగ్ సంపుటాలుగా అచ్చయ్యాయి. చాలా ఏళ్లు వాటిని తిరగేసినవారు తక్కువ. ఆ తర్వాత యూరప్ పంపిన హిప్పార్కోస్ ఉపగ్రహం నక్షత్రాల కొత్త స్థానాలు ఇచ్చింది. పాతవాటితో పోలిస్తే ఏ నక్షత్రం ఎటు కదిలిందో తేలింది. 2000లో వెలువడిన టైకో-2 కేటలాగ్‌లో సుమారు 25 లక్షల నక్షత్రాల గమనాన్ని అలా లెక్కగట్టారు. దానికి ఆధారమైన పాత కొలతల్లో హైదరాబాద్ పలకలవీ ఉన్నాయి. వాటిని తీసినవారు ఈ ఉపయోగాన్ని ఊహించి ఉండరు. తేదీ, సమయం, ఆకాశంలో ఏ భాగం అన్నది రాసిపెట్టారు, అంతే.

గోపన్‌పల్లి లాబ్‌లలో పనిచేసే పిల్లలకు నేను చెప్పేవి ఇవే. కెమెరా ఇచ్చిన రా ఫైలును ముట్టకుండా దాచండి. లెన్స్, దూరం, లైటు కోణం, ఎక్స్‌పోజర్, తేదీ రాసిన చీటీని అదే ఫోల్డర్‌లో ఉంచండి. వెలుగు, కాంట్రాస్ట్ మార్చాల్సి వస్తే చిత్రమంతా ఒకేలా మార్చి, ఆ సంగతి కింద రాయండి. ఒక మూలను మాత్రం చెరపకండి. అసలు ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి: అది కుదించేటప్పుడు పోయిన వివరాలను తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి ఇవ్వలేదు. సంస్థలు చేయాల్సింది కూడా ఒకటుంది. ప్రయోగం బల్ల ఎక్కడ వేయాలో అనుకునే రోజునే ఫొటోగ్రాఫర్‌ను పిలవాలి, ట్రైపాడ్‌కు చోటు అప్పుడే వదలాలి.